ఆయా జారిపడితే ఏ పుస్తకంలో రాస్తున్నారు?

విజయవాడ నగరంలోని ప్రైవేటు ఆసుపత్రుల, నర్సింగ్ హోమ్‌ల యాజమాన్యాలకు, మెడికల్ సూపరింటెండెంట్లకు ఒక బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నమస్కారం. నేను ఈ ఊళ్ళో ఇరవై తొమ్మిదేళ్ళు మొదట స్టాఫ్ నర్సుగా, తరవాత ఇన్‌ఛార్జి సిస్టర్‌గా పనిచేసి కిందటి ఏడాది విరమించుకున్నాను. సూర్యారావుపేట, గవర్నరుపేట వీధుల్లోనే మూడు ఆసుపత్రులు మారాను. వాటిలో దేని పేరూ ఇక్కడ రాయడం లేదు, ఎందుకంటే నేను చెప్పబోయేది మూడు చోట్లా ఒకేలా చూశాను. మిమ్మల్ని అడగదలచింది కూడా ఒక్కటే. రోగి పడినప్పుడు ఎలా కాగితం మీద రాయిస్తున్నారో, మీ దగ్గర పనిచేసే మనిషి జారిపడినా, తట్టుకుని పడినా అలాగే రాయించండి.

రోగి పడితే ఏమేం జరుగుతుందో నాకంటే మీకే బాగా తెలుసు. అడ్మిషన్ అయిన రోజునే మోర్స్ స్కేలు ప్రకారం మార్కులు వేసి, పడే అవకాశం ఎక్కువగా ఉన్నవారి మంచానికి గుర్తు తగిలించి, పక్క కడ్డీలు ఎత్తి ఉంచమని నర్సులకు చెబుతారు. అయినా పడితే అదే షిఫ్టులో ఇన్సిడెంట్ ఫారం నింపాలి, డ్యూటీ డాక్టరు చూసి సంతకం పెట్టాలి, నెలాఖరు క్వాలిటీ మీటింగులో ఎందుకు పడ్డారో చర్చించాలి. ఆసుపత్రుల నాణ్యతను చూసి ఇచ్చే ఎన్‌ఏబీహెచ్ గుర్తింపు కోసం తనిఖీకి వచ్చేవారు అడిగే అంకెల్లో ఇదీ ఒకటి. ఇదంతా మంచి పద్ధతే, కొత్తగా చేరిన పిల్లలకు దీన్ని నేర్పినవారిలో నేనూ ఉన్నాను. కానీ అదే వార్డులో, అదే గచ్చు మీద, ఆ రోగి కోసమే బెడ్‌ప్యాన్ తీసుకెళుతున్న ఆయా పడితే మాత్రం ఆ ఫారం బీరువా దాటి బయటికి రాదు. నా ఉద్యోగకాలం మొత్తంలో సిబ్బంది పడినందుకు ఫారం నింపడం రెండే రెండుసార్లు చూశాను. ఒకసారి పడినవారు డాక్టరుగారు. రెండోసారి పడింది నర్సే గానీ, ఆ అమ్మాయి చేతిలో ఉన్న ఇన్‌ఫ్యూజన్ పంపు పగిలింది.

ఒక సంఘటన కాస్త వివరంగా చెప్పనివ్వండి. ఆరేళ్ళ కిందటి మాట. మేమంతా పిన్నీ అని పిలిచే ఆయాకు అప్పటికి యాభై నాలుగేళ్ళు. పెద్ద డాక్టరుగారు ఆరున్నరకే రౌండ్సుకు వస్తారు కాబట్టి, ఐదు గంటలకల్లా మూడో అంతస్తు వరండా అద్దంలా ఉండాలన్నది శానిటేషన్ సూపర్‌వైజరు ఆర్డరు. ఆ రోజు కూడా వరండాను ఈ చివరి నుంచి ఆ చివరి దాకా, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఒకేసారి తడిపేశారు. పొడిగా ఉన్న దారి అంటూ ఒక్క బార కూడా మిగల్చలేదు. వార్డులో స్పాంజి బాత్‌లు మొదలయ్యేదీ సరిగ్గా ఆ సమయానికే. పిన్ని రెండు చేతులా గోరువెచ్చని నీళ్ళ బేసిను పట్టుకుని, భుజం మీద తువ్వాలు వేసుకుని, ఉత్తకాళ్ళతో చివరి గదివైపు వెళుతోంది. లోపల చెప్పులతో తిరగకూడదన్న నియమం ఉంది కాబట్టి అవి వార్డు గుమ్మం దగ్గరే ఉన్నాయి. నేను నర్సుల స్టేషన్‌లో కూర్చుని కేసు షీట్లు రాసుకుంటున్నాను. ముందు స్టీలు బేసిను చప్పుడు వినబడింది, ఆ తరవాత ఆమె గొంతు. ఆమె ఏడవలేదు, అరవలేదు. "అయ్యో, నీళ్ళన్నీ పోయాయి సిస్టర్" అంది. నేను వెళ్ళేసరికి కుడి చెయ్యి మణికట్టు పైన మెట్టులా లేచి ఉంది. ఆమె ఎడమ చేత్తో కొంగు పట్టుకుని ఆ నీళ్ళు తుడవబోతోంది, వెనక వచ్చేవాళ్ళు పడతారని.

ఎక్స్‌రే మా దగ్గరే తీశారు, పిండికట్టు మా దగ్గరే వేశారు, ఒక్క రూపాయి తీసుకోలేదు. ఆ మాట దాచకూడదు. అయితే ఆ పూట ఆమెతో మాట్లాడిన సూపర్‌వైజరు, అడ్మిన్ ఆఫీసరు, ఆమెను పనికి పెట్టిన కాంట్రాక్టు ఏజెన్సీ మనిషి, ముగ్గురూ అన్న మాట ఒక్కటే: "చూసుకుని నడవాలి కదా." నాలుగోసారి ఆ మాట అన్నది నేను. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది, ఈ లేఖ రాయడానికి అదీ ఒక కారణం.

రెండు చేతులా బేసిను పట్టుకున్న మనిషికి తన పాదాలే కనబడవు, ఇక గచ్చు మీది తడి ఏం కనబడుతుంది? పైగా ట్యూబులైటు వెలుగులో పాలిష్ టైల్స్ తడిగా ఉన్నా ఆరినా ఒకేలా మెరుస్తాయి. మనం అడుగు వేసేటప్పుడు ముందు మడమ ఆనుతుంది, ఒంటి బరువు దాని మీదికి మారుతున్న ఆ క్షణంలోనే మడమ ముందుకు జారిపోతే, సర్దుకోవడానికి మనసుకు గానీ కండరాలకు గానీ వ్యవధి ఉండదు. పడుతున్న మనిషి ఆసరా కోసం చెయ్యి చాపుతుంది, ఆ చేతిమీదే మొత్తం బరువు పడుతుంది. ముట్లు ఆగిన ఆడవాళ్ళలో చాలామందికి ఎముకలు డొల్లబారి ఉంటాయి కాబట్టి మణికట్టు పుటుక్కుమంటుంది, ఇంకాస్త ప్రాయం ముదిరితే తుంటి. ఇది మీ ఆర్థోపెడిక్ విభాగానికి నేను చెప్పేపాటిది కాదు. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని పెద్దలు అంటారు. ఫినాయిల్ నీళ్ళు పరిచిన వరండాలో ఆ సామెత కట్టినవారు ఎన్నడూ నడిచి ఉండరు.

ఇక జీతం సంగతి. పిన్ని ఆరు వారాలు పనికి రాలేదు, ఏజెన్సీ ఆరు వారాల జీతమూ కోసింది. నిజానికి ఆమె జీతంలోంచి నెలనెలా ఈఎస్ఐ, అంటే ఉద్యోగుల రాజ్య బీమా, చందా పోతూనే ఉంది. పనిలో గాయపడి పనిచేయలేకపోయిన రోజులకు ఈఎస్ఐ సగటు వేతనంలో సుమారు 90 శాతం ఇస్తుంది. మామూలుగా జబ్బు చేస్తే వచ్చే 70 శాతం సాయానికైతే ఇన్ని రోజుల చందా కట్టి ఉండాలన్న షరతు ఉంది. పనిలో తగిలిన గాయానికి ఆ షరతు కూడా లేదు, చేరిన రోజునే పడినా హక్కు ఉంటుంది. వేతనం నెలకు 21,000 రూపాయలు దాటనివారంతా ఈ పరిధిలోకి వస్తారు. అంటే మీ ఆయాలు, వార్డు బాయ్‌లు, శానిటేషన్ వర్కర్లు దాదాపు అందరూ, కొత్త నర్సుల్లో చాలామందీ వస్తారు. అందుకోసమే వేతనంలో 0.75 శాతం వాళ్ళ దగ్గర కోసి, 3.25 శాతం యజమాని కలిపి కడుతున్నారు. కానీ ఆ సాయం చేతికి రావాలంటే, గాయం పనిలో జరిగిందని యజమాని పంపే ప్రమాద నివేదిక ఉండాలి. పిన్ని విషయంలో ఆ కాగితం పుట్టనే లేదు. ఆమె మా ఉద్యోగి కాదని ఆసుపత్రి అంది. పడింది మీ గచ్చు మీద కాబట్టి మీరే రాయాలని ఏజెన్సీ అంది. చివరికి ఓపీ చీటీ మీద ఎవరో "ఇంట్లో జారిపడింది" అని రాశారు. ఆ రెండు మాటల ఖరీదు ఆమెకు ఆరు వారాల అన్నం.

"ఆమె ఏజెన్సీ తరఫు మనిషి" అన్న మాట చాటున మీరు నిలబడలేరని కూడా మనవి చేస్తున్నాను. ఏజెన్సీ ద్వారా తీసుకున్నవారి ఈఎస్ఐ చందాకు సైతం ప్రధాన యజమానిగా ముందు బాధ్యత మీదే, కట్టిన తరవాత ఏజెన్సీ బిల్లులోంచి మీరు రాబట్టుకోవచ్చు. ప్రమాదాల పుస్తకం ఒకటి ఉంచాలన్నది కూడా నేను కనిపెట్టిన కోరిక కాదు, ఈఎస్ఐ నిబంధనల్లో ఎన్నాళ్ళనుంచో ఉన్నదే. మీ ఆసుపత్రిలో ఆ పుస్తకం ఏ అరలో ఉందో ఈ సాయంత్రం ఒకసారి అడిగి చూడండి.

ఇలా పడటం ఎక్కడెక్కడ జరుగుతుందో నేను చూసినంతవరకు చెబుతాను. గచ్చు తడవడానికి మాప్ ఒక్కటే కారణం కాదు. గోడకు తగిలించిన శానిటైజర్ సీసా కింద రోజంతా చుక్కలు పడి, ఆరిన చోట జిడ్డుగా ఒక వలయం ఏర్పడుతుంది. స్కానింగ్ గది బయట రోగి పొట్ట మీది జెల్లీ రాలుతుంది. ఏసీ పైపు కింద పెట్టిన బకెట్ నైట్ డ్యూటీ సగంలోనే నిండి పొర్లుతుంది, దాన్ని పారబోయడం ఎవరి పనో ఎక్కడా రాసి ఉండదు. సెలైన్ తీసేటప్పుడు నాలుగు చుక్కలు, అటెండెంట్లు తెచ్చిన క్యారియర్‌లోంచి సాంబారు, ముసలివాళ్ళ కాళ్ళకు రాసిన కొబ్బరినూనె. ఒక్కొక్కటీ చిన్నదే, ఎవరికి వారు దాటుకుని వెళ్ళిపోతారు. ఇక ఫినాయిల్ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. వాసన ఘాటుగా వస్తేనే శుభ్రమైనట్టు లెక్క కాబట్టి, మూతతో కొలవమన్న మాట మరచి సీసానే బకెట్‌లోకి వంచేస్తారు. మోతాదు మించిన మందు ఆరిన తరవాత కూడా పలచని పొరగా నేలను అంటుకుని ఉంటుంది, దాని మీద మళ్ళీ కాస్త తడి తగిలిందంటే సబ్బు రాసినట్టే. మార్చని ఒకే బకెట్ నీళ్ళతో నాలుగు గదులు తుడిస్తే మురికి పోవడం మాట అటుంచి, మొదటి గదిలోని జిడ్డు నాలుగో గదికి చేరుతుంది.

పసుపుపచ్చ బోర్డుల గురించి కూడా ఒక మాట. ఇప్పుడు అందరూ కొన్నారు, సంతోషం. కొన్ని చోట్ల అవి తలుపు వెనక మడిచి ఉంటాయి, మరికొన్ని చోట్ల పొద్దున పెట్టినవి రాత్రిదాకా అక్కడే ఉంటాయి. ఆరిపోయిన నేల మీద రోజంతా నిలబడిన బోర్డును మూడో రోజు నుంచి ఎవరూ చూడరు. చాలావాటి మీద ఉన్నది ఇంగ్లీషు మాత్రమే, తుడిచే మనిషీ చదవలేదు, నడిచే మనిషీ చదవలేదు. వరండాను నిలువునా రెండు భాగాలు చేసుకుని, ఒక పక్క తుడిచి ఆరేదాకా రెండో పక్క నడవనివ్వడం, తడిమాప్ వెంటనే పొడిమాప్ లాగడం, స్పాంజి బాత్‌ల వేళకు ముందో తరవాతో తుడుపు పెట్టుకోవడం. వీటికి పైసా ఖర్చు లేదు, రౌండ్సు వేళకు నేల మెరవాలన్న పట్టుదల ఒక్కటి కాస్త సడలిస్తే చాలు.

చెప్పుల విషయంలో మన పద్ధతి మరీ విచిత్రం. ఐసీయూ, ఓటీ గుమ్మాల దగ్గర బుట్టలో పడేసిన రబ్బరు చెప్పులు ఎవరి కొలతకూ సరిపోవు, అడుగున గాట్లు అరిగి నున్నగా అయి ఉంటాయి. ఎనిమిదో నంబరు చెప్పులో ఐదో నంబరు పాదం పెట్టుకుని స్ట్రెచర్ తోసే అమ్మాయిని చూసుకుని నడవమంటే ఏం లాభం? నర్సులు సొంత డబ్బుతో కొనుక్కునే తెల్లబూట్లు కూడా రంగు చూసి కొన్నవే, అడుగు చూసి కొన్నవి కావు. యూనిఫాం బట్టకు డబ్బిచ్చే ఆసుపత్రి, తడిలో జారని అడుగు ఉన్న జోడుకు కూడా ఏటా ఇవ్వగలదు. ఆయాల యూనిఫాం చీరలది ఇంకో బాధ. మెట్లెక్కేటప్పుడు కుచ్చిళ్ళు కాస్త ఎత్తి పట్టుకోకపోతే కాలికింద పడతాయి. ఒక చేతిలో దుప్పట్ల మూట, రెండో చేతిలో మందుల ట్రే ఉంటే, కుచ్చిళ్ళు పట్టుకునే మూడో చెయ్యి ఎక్కడినుంచి వస్తుంది? పంజాబీ డ్రెస్సో, ప్యాంటు చొక్కానో వేసుకోవడానికి ఇష్టపడేవారిని వేసుకోనివ్వండి. కొందరు చీరే కావాలంటారు, అలాంటివారికి చీలమండ పైకి కట్టుకోవడానికి అభ్యంతరం పెట్టకండి.

జారడం సగం కథే, తట్టుకుని పడటం మిగతా సగం. సూర్యారావుపేటలో చాలా ఆసుపత్రులు ఒకప్పటి ఇళ్ళే. పక్క డాబాను కొని గోడ పగలగొట్టి కలుపుకున్నప్పుడు రెండు నేలల మట్టం కలవదు, ఆ కలిసే చోట బొటనవేలంత మెట్టు మిగిలిపోతుంది. మామూలు నడకలో మన కాలి వేళ్ళు నేలకు ఒకటి రెండు సెంటీమీటర్ల ఎత్తున మాత్రమే కదులుతాయి కాబట్టి, పెద్ద మెట్టుకంటే ఈ చిన్న మెట్టే ప్రమాదం. పెద్దది కంటికి ఆనుతుంది, చిన్నది ఆనదు. నేను ముందుకు బోర్లాపడింది అలాంటి చోటే, లిఫ్టు గడప దగ్గర. ట్రాలీ పట్టుకుని ఉండటంతో మోకాలి చిప్ప వాపుతో బయటపడ్డాను, ట్రాలీ మీద ఉన్న ఆపరేషన్ రోగి అదృష్టం కూడా అదే. ఆ సంగతి గమనించమని కోరుతున్నాను, సిబ్బంది పడితే చాలాసార్లు వాళ్ళ చేతిలో ఉన్న రోగి కూడా పడతారు. మంచాల కింద నుంచి వరండా అడ్డంగా లాగిన ఎక్స్‌టెన్షన్ వైర్లు, సక్షన్ పైపులు, రాత్రి కరెంటు ఆదా కోసం ఒకటి విడిచి ఒకటి ఆర్పేసే లైట్ల గురించి మీకు వేరే చెప్పనక్కర్లేదు.

వానాకాలంలో గుమ్మం దగ్గర అట్టపెట్టె చింపి పరవడం మన నగర ఆచారం. అట్ట నాని కాలికి అంటుకుని వస్తుంది, గోనెపట్టా అంచు లేచి కాలికి మెలేసుకుంటుంది. బయటినుంచి వచ్చిన మనిషి నాలుగైదు అడుగులైనా వేసేంత పొడవుండి, కింద రబ్బరు అంటిన పట్టా ఉంటేనే అరికాలి తడి దానికి ఇంకుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు మోకాలి లోతు నీళ్ళలో నడిచి డ్యూటీకి వచ్చిన పిల్లలు నాకు తెలుసు. అలా వచ్చినవాళ్ళకు గుమ్మంలో ఎదురయ్యేది నానిన అట్టముక్క కాకూడదు.

రాసిపెడితే ఏమవుతుందని మీరు అడగవచ్చు. అమెరికాలో రాశారు. అక్కడి ప్రభుత్వ వృత్తి భద్రతా పరిశోధన సంస్థ నియోష్ 2010లో ఆరోగ్య సిబ్బంది కోసం ఒక చేతిపుస్తకం ప్రచురించింది. 2009లో అక్కడి ఆసుపత్రుల్లో పనికి రాలేనంతగా, ఎత్తునుంచి కాకుండా నడిచే నేల మీదే జారి, తట్టుకుని పడినవారు ప్రతి 10,000 మంది ఉద్యోగుల్లో 38.2 మంది అని, మిగతా ప్రైవేటు రంగమంతా కలిపితే ఆ సగటు 20.1 మాత్రమేనని అందులో ఉంది. అంటే ఆసుపత్రి నేల మిగతా పనిచోట్ల నేలకంటే దాదాపు రెట్టింపు ప్రమాదకరమని తేలింది. అదే సంస్థ 1996 నుంచి 2005 దాకా మూడు ఆసుపత్రులను పరిశీలించింది. ఎక్కడ, ఎప్పుడు, దేనివల్ల పడుతున్నారో ముందు నమోదు చేసి, ఆ చోట్లనే సరిచేసుకుంటూ వెళితే, పడినందుకు ఇచ్చే పరిహారపు క్లెయిములు 58 శాతం తగ్గాయి. చేసినవి బ్రహ్మవిద్యలు కావు: ఒలికినవి వెంటనే తుడవడం, వంటగదివాళ్ళకు, హౌస్‌కీపింగ్‌వాళ్ళకు జారని బూట్లు ఇవ్వడం, పట్టాలు మార్చడం, లైట్లు వేయడం లాంటివే. కారణాల్లో మొదటి స్థానం నేల మీద ఒలికిన నీళ్ళదీ, జిడ్డుదీ. వాళ్ళ ఆసుపత్రులు వేరు, మనవి వేరు. ఉత్తకాళ్ళూ చీర కుచ్చిళ్ళూ వాళ్ళ లెక్కలోకి వచ్చి ఉండవు. మన లెక్క మనమే రాసుకోవాలనడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు.

గుంటూరు వైపు నూలు మిల్లులాంటి ఏ కర్మాగారంలోనైనా నేల, మెట్లు, నడిచే దారులు జారే పదార్థాలు, అడ్డంకులు లేకుండా ఉంచాలని 1948 నాటి కర్మాగారాల చట్టం 32వ సెక్షనే చెప్పింది. ఆసుపత్రి కర్మాగారం కాదు కాబట్టి మన వరండాలకు ఆ మాట వర్తించకుండా డెబ్బై ఏళ్ళు పైగా గడిచింది. 2020లో పార్లమెంటు ఆమోదించి, 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వృత్తి భద్రతా కోడ్ పదిమందీ అంతకు మించీ పనిచేసే సంస్థలను తన కిందికి తెచ్చింది. అందులో మీరూ ఉన్నారు. ఇన్‌స్పెక్టరు వచ్చి అడిగేదాకా ఆగడం మీకు గౌరవం కాదు.

రాస్తే అది మన మీదే సాక్ష్యమవుతుందన్న భయం కొందరు నాతోనే అన్నారు. భయం అర్థమవుతుంది. కానీ పడిన మనిషి పది వీధులకూ తెలుసు, రాయనంతమాత్రాన దాగదు. ఆరు నెలల్లో ఒకే లిఫ్టు గడప దగ్గర ముగ్గురు పడితే ఆ విషయం ముగ్గురికీ వేర్వేరుగా తెలుసు గానీ, మూడూ ఒకే కాగితం మీద లేవు కాబట్టి మేస్త్రికి కబురు వెళ్ళదు. ఇక రాసినందుకు సిబ్బందికి మెమో ఇవ్వడం మొదలుపెడితే రెండో నెలకే పుస్తకం ఖాళీగా ఉంటుంది, అది మంచి ఆసుపత్రి అన్నదానికి గుర్తు కాదు. పడకపోయినా తూలి నిలదొక్కుకున్న సందర్భాలు కూడా రాయనివ్వండి. నడుం పట్టేసి నెలల తరబడి బాధపడే నర్సుల్లో చాలామంది పడినవాళ్ళు కారు, పడకుండా ఆపుకున్నవాళ్ళు.

ఆ పుస్తకానికి సాఫ్ట్‌వేరు అక్కర్లేదు. రూళ్ళ నోట్‌బుక్ ఒకటి ప్రతి అంతస్తు నర్సుల స్టేషన్‌లో ఉంచి, తేదీ, సమయం, సరిగ్గా ఏ చోట, నేల ఎలా ఉంది, కాళ్ళకు ఏముంది, చేతుల్లో ఏముంది, లైటు వెలుగుతోందా, ఎవరి కింద పనిచేస్తున్న మనిషి, దెబ్బ ఎక్కడ, ఈఎస్ఐకి నివేదిక పంపిన తేదీ, ఆ చోటు బాగుచేసిన తేదీ అని పదకొండు గడులు గీయించండి. ఆయాలు తెలుగులో చెబితే డ్యూటీ సిస్టర్ తెలుగులోనే రాయవచ్చు. నెలకొకసారి రోగుల పడిపోవడాల గురించి మాట్లాడే అదే మీటింగులో ఈ పుస్తకమూ తెరవండి, చివరి గడి ఖాళీగా ఉన్న వరసలు పైకి చదివించండి.

పిన్ని ఇప్పుడు ఆసుపత్రిలో లేదు. చెయ్యి అతికింది గానీ తడిగుడ్డ పిండేంత పట్టు రాలేదు, పట్టు లేని మనిషి వద్దని ఏజెన్సీ మళ్ళీ తీసుకోలేదు. సత్యనారాయణపురంలో ఒక ఇంట్లో పెద్దావిడకు తోడుగా ఉంటోంది. ఆమెను అడిగే ఇది రాస్తున్నాను. తన పేరు మాత్రం వద్దంది. గడులు ఎలా గీయాలో చూపించమని మీలో ఎవరు కబురు చేసినా, ఏ పూటైనా నోట్‌బుక్ పట్టుకుని నేనే వస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఇన్‌ఛార్జి సిస్టర్,
విజయవాడ